నీకు నచ్చని బీరే పంపుతున్నా

క్వీన్స్‌టౌన్, టాస్మానియా
6 ఏప్రిల్ 1995

నోలక్కా,

నా చేతిరాత కవరు మీద చూసి ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. కూర్చుని చదువు.

ఇక్కడ వాన పడుతూనే ఉంది. గని మూసి నాలుగు నెలలు కావస్తోంది. కొత్త కంపెనీ వస్తుందంటారు, రాదంటారు, రెండూ ఒకే మనిషి ఒకే పూట చెప్తాడు. నేను కట్టెలు కొట్టి ఇళ్ళకి వేస్తున్నా. తిండికి లోటు లేదు.

టెగన్ పదిహేను రోజులకోసారి శనివారం వస్తోంది. రోండా బర్నీ నుంచి టుల్లా దాకా తెచ్చి పెట్రోలు బంకు దగ్గర దింపుతుంది, అక్కణ్ణుంచి నేను తెచ్చుకుంటా. సాయంత్రం మళ్ళీ అక్కడే అప్పజెప్తా. రోండా కారు దిగదు, అద్దం కూడా దించదు. విడిపోయిన మొగుడికి అంతకన్నా మర్యాద ఏం చేస్తుందిలే. పిల్లని పంపుతోంది, అది చాలు. పదకొండేళ్ళకే నా భుజం దాకా వచ్చింది.

నేను మానేసి పద్నాలుగు నెలలైంది. కోర్టు కాగితంలో ఏముందో నీకు తెలుసు. నేను చుక్క ముట్టనంత కాలమే టెగన్ వస్తుంది. ముట్టిన రోజే ఆఖరి రోజు.

ఇదంతా ముందే ఎందుకు రాశానంటే, అడగబోయేది చదివి నువ్వు టైపు మిషను ఎత్తి పడెయ్యకుండా. నాకు ఇంట్లో బీరు కాచాలని ఉంది. ఎప్పుడూ చెయ్యలేదు. మొట్టమొదట ఏ బీరు కాస్తే మంచిదో చెప్పు, దానికి కావాల్సిన సామానంతా బస్సులో వేసి పంపు.

నాక్కాదు.

కెల్విన్


అల్వర్‌స్టన్
10 ఏప్రిల్

ఒరేయ్ కెల్విన్,

నాక్కాదు అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టేశావు. మరి ఎవరికో రాయడానికి సిరా అయిపోయిందా?

ఇరవై రెండేళ్ళుగా ఈ షాపులో బీరు సామాను అమ్ముతున్నా. "నాక్కాదు, మా బావమరిదికి" అంటూ వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో. బావమరిది పేరేంటయ్యా అంటే పైకప్పు చూస్తారు.

ఫోను చేద్దామనుకున్నా. ఫోనులో నువ్వు మూడు మాటలు మాట్లాడతావు, అందులో రెండు "సరేలే". అందుకే టైపు చేస్తున్నా. మధ్యలో అక్షరాలు ఎగిరిపోతే సర్దుకో, ఒకావిడ కోళ్ళ దాణా కోసం నిలబడింది, ఆమె కూతురు ఎర పురుగుల డబ్బా మూత తీసి చూస్తోంది.

నీ మీద నమ్మకం లేక కాదు. ఉంది. కానీ నువ్వు నల్లటి స్టౌట్ బీరు తాగి వెనక మెట్ల మీద పడి ఉంటే టెగన్ నీ బూట్లు విప్పడం ఈ కళ్ళతో చూశా. ఏడేళ్ళ పిల్ల, లేసు ముడి ఊడకపోతే పళ్ళతో లాగింది. అది చూసినదాన్ని నీకు మాల్టు పాకం డబ్బా ఎలా పంపను చెప్పు?

చేతులు ఊరుకోకపోతే అల్లం సోడా చెయ్యి. అదీ పులుస్తుంది, అదీ పొంగుతుంది. మా పాత పోస్టుమాస్టరు గారు చేసి దుప్పట్ల బీరువాలో దాచుకుంటే ఆరు సీసాలు పేలి, ఆయన భార్య దుప్పట్లకి ఇప్పటికీ అల్లం వాసనట. టెగన్ కూడా తాగొచ్చు. ఒక్క మాట రాయి, పంపుతా.

తుంటి నొప్పి అలాగే ఉంది. మీ రోడ్డు మలుపులు తలుచుకుంటేనే ఎక్కువవుతుంది, లేకపోతే వచ్చి ఎదురుగా కూర్చుని తిట్టేదాన్ని.

అక్క, కోపంగానే,
నోలా


క్వీన్స్‌టౌన్
17 ఏప్రిల్

నోలక్కా,

తిడతావని తెలుసు, ఇంత పొడుగ్గా తిడతావని తెలీదు. ఎవరికో చెప్తా.

గని ఉన్నప్పుడు మనుషుల్ని వెతుక్కోవాల్సిన పని లేదు. పొద్దున్నే పన్నెండుమందిమి భుజాలు రాసుకుంటూ లిఫ్టులో కిందికి దిగేవాళ్ళం. ఇప్పుడు మనిషి కనబడాలంటే పబ్బుకే వెళ్ళాలి. వెళ్ళా. వంతుల సంగతి నీకు తెలియంది కాదు. నలుగురు కూర్చుంటే ఒకడు లేచి నలుగురికీ తెస్తాడు, అవి అయ్యేలోపు ఇంకోడు లేస్తాడు. నిమ్మసోడా తాగేవాడు అందులో ఎక్కడ ఇముడుతాడు? నా వంతు నేను తెచ్చా. తర్వాత మెర్వ్ లేచాడు. నాకేం తేవాలో తెలీక కౌంటరు దగ్గర్నుంచి వెనక్కి చూశాడు. నా సోడా ఇంకా సగం ఉంది. అయినా ఖాళీ చేత్తో ఎలా వస్తాడు, ఇంకో సోడా తెచ్చి పెట్టాడు. కాసేపటికి నా ముందు మూడు సోడాలు వరసగా నిలబడ్డాయి, ఎవరూ వాటి వైపు చూడట్లేదు. కట్టెలు తడుస్తున్నాయని చెప్పి లేచొచ్చేశా. వాన అప్పటికి మూడు రోజులుగా పడుతోంది.

ఆ తర్వాత ఎవరూ పిలవలేదు. చెడ్డవాళ్ళు కాదక్కా. మెర్వ్‌తో పంతొమ్మిదేళ్ళు ఒకే డ్రిల్లు పట్టుకున్నా. ఇప్పుడు నా గేటు ముందు నుంచి వెళ్తూ చెయ్యి ఊపుతాడు, ఆగడు. ఆగితే ఏం పొయ్యాలో నాకు తెలీదు, ఏం అడగాలో వాడికి తెలీదు. టీ ఇవ్వచ్చుగా అంటావు. మెర్వ్‌కి టీ ఇస్తే నాకేదో రోగం వచ్చింది, చెప్పడానికి పిలిచాననుకుంటాడు.

షెడ్డులో పాత ఫ్రిజ్ ఉంది. అందులో నేను కాచిన సీసాలుంటే శనివారం మధ్యాహ్నం రేడియోలో ఫుట్‌బాల్ వినడానికి వస్తారు. ఇంట్లో కాచినదానికి వంతులుండవు. పోసేవాడు తాగుతున్నాడా లేదా అని ఎవరూ చూడరు.

టెగన్ రాని శనివారాలు ఇంట్లో ఒక్క మాట వినబడదు. మొన్న రేడియోలో ఆయన ఏదో అడిగితే నేను జవాబు చెప్పా. పైకే, గట్టిగా.

తాగాలనే ఉంటే నిన్నెందుకు అడుగుతా? మా వీధి చివరే అమ్ముతారు.

కెల్విన్


అల్వర్‌స్టన్
24 ఏప్రిల్

తమ్ముడూ,

రేడియో సంగతి చదివి అలా కూర్చుండిపోయా. గొర్రెల మందు అడగడానికొచ్చినాయన రెండుసార్లు దగ్గాక గానీ లేవలేదు. సరే. ఓడిపోయా. పంపుతున్నా.

మొదటిసారి బీరు కాస్తామని వచ్చినవాళ్ళని నేనడిగేది ఒక్కటే, నీకేది తాగడం ఇష్టం అని. అదే కాచమంటా. ఇష్టమైనదైతేనే మూడు వారాలు ఓపిక పడతారు. నీ దగ్గర ఆ ప్రశ్న తిరగేస్తున్నా. నీకు అస్సలు పడనిది ఏది?

లేత రంగు లాగర్ బీరు వద్దు. దానికి చల్లగా, నిలకడగా ఉండాలి. మీ ఊళ్ళో చలికేం కొదవలేదు గానీ చిన్న తప్పు చేసినా పైకి కనబడిపోతుంది. అదీగాక ఎండలో కట్టెలు కొట్టొచ్చి నువ్వు మంచినీళ్ళలా తాగేది అదే. కొత్తవాళ్ళకి అన్నిటికన్నా మంచిది స్టౌట్. ఆ నలుపులో, ఆ మాడు రుచిలో ఎన్ని తప్పులున్నా కలిసిపోతాయి. షాపుకొచ్చిన ప్రతి కొత్తవాడికీ అదే అంటగడతా. నీకు పంపను. ఎందుకో రాయను.

తియ్యటి ముదురురంగు ఏల్ బీరు పంపుతున్నా. పిన్ని కూతురి పెళ్ళిలో ఒక గుక్క తాగి, "దగ్గుమందులో రొట్టెముక్క ముంచినట్టుంది" అని పూలకుండీలో పోశావు, గుర్తుందా? అదే. మెర్వ్ తాగుతాడు. ఊరికే వచ్చేదైతే మెర్వ్ కారు బ్యాటరీ నీళ్ళయినా తాగుతాడు. డబ్బా మీద కిలో చక్కెర వెయ్యమని ఉంటుంది, నువ్వు సగమే వెయ్యి. పల్చగా వస్తుంది, ఎవడూ తూలడు.

షరతులు చెప్తున్నా. రుచి చూసే పని మెర్వ్‌ది. ఫ్రిజ్‌కి తాళం, తాళంచెవి మెర్వ్ దగ్గర. టెగన్‌కి ముందే చెప్పు, అబద్ధం చెప్పకు.

పెట్టెలో డ్రమ్ము, పాకం డబ్బా, ఈస్టు పొట్లం, తీపి ఎంత మిగిలిందో తేలుతూ చూపించే కొలత గొట్టం, దానికి పొడుగాటి గ్లాసు, మూతలు బిగించే మర, అన్నీ ఉన్నాయి. ప్రతి గిరాకీకీ ఇచ్చే కాగితం కూడా పెట్టా, పన్నెండు సూచనలు, నేను రాసినవే. అందులో ఉన్నది ఉన్నట్టు పొల్లు పోకుండా చెయ్యి. సొంత తెలివి వాడకు, నీ సొంత తెలివి నాకు తెలుసు.

శుభ్రంగా కడుగు. కడిగాక మళ్ళీ కడుగు.

నోలా


క్వీన్స్‌టౌన్
9 మే

నోలక్కా,

డ్రమ్ము వంటింటి పొయ్యి పక్కన పెట్టా. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. నా పాత కరెంటు దుప్పటి చుట్టాక మూడో రోజు మొదలైంది. మూత మీది గొట్టంలోంచి బుడగ వచ్చినప్పుడల్లా ఒక చప్పుడు. శనివారం టెగన్ వచ్చి దాని పక్కనే కుర్చీ వేసుకు కూర్చుంది. "నాన్నా, ఇది తేనుస్తోంది" అని ఒకటే నవ్వు. తర్వాత ఎవరు తాగుతారని అడిగింది. మెర్వ్ వాళ్ళని చెప్పా. నువ్వో అంది. నేను తాగనన్నా. సరేనని వెళ్ళి చేతులు కడుక్కుంది. ఇద్దరం "ఈకల పొట్టేలు" కూర వండుకున్నాం, కోడికూరకి అది పెట్టిన పేరు.

మెర్వ్ మోకాలి ఆపరేషనుకి హోబర్ట్ వెళ్ళాడు, వాళ్ళ అమ్మాయి దగ్గర నెలాఖరుదాకా ఉంటాడట. మిగతావాళ్ళకి చెప్పలేదు, అయ్యాక ఒకేసారి పిలుద్దామని. అందుకని నీ కాగితం ముందు పెట్టుకుని చేస్తున్నా, ఏడో సూచనతో సహా.

మొదటి రోజు ఒట్టి పాకంలా ఉంది. నాలుగో రోజుకి తీపి తగ్గి పుల్లగా, పచ్చి యాపిల్ తొక్క కొరికినట్టు. నిన్నటికి పులుపు సగం పోయింది, చివర్లో కొంచెం చేదు నాలుక పక్కన పట్టుకుంటోంది. కొలత గొట్టం ఇంకా కిందికి దిగుతూనే ఉంది. ఆ యాపిల్ వాసన నావల్ల వచ్చిన తప్పా? పారబొయ్యాలా?

అప్పుడు నేనన్నంత దగ్గుమందులా ఏం లేదులే.

కెల్విన్


అల్వర్‌స్టన్
14 మే

తమ్ముడూ,

పారబొయ్యకు, పారబొయ్యకు. పచ్చి యాపిల్ అంటే బీరు ఇంకా లేతగా ఉందని అర్థం, తప్పు కాదు. వెచ్చగా ఉంచి నాలుగు రోజులు దాని జోలికి వెళ్ళకు, ఈస్టే ఆ పులుపు తినేస్తుంది. వరసగా రెండు రోజులు కొలత ఒకేచోట నిలబడితేనే సీసాల్లో పొయ్యి. తొందరపడ్డావో, నీకూ పోస్టుమాస్టరు గారి గతే.

ఒక మాట చెప్పనా, నీకు మంచి నాలుక ఉంది. నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగంమందికి యాపిల్‌కీ వెనిగర్‌కీ తేడా తెలీదు. చేదు పక్కన పట్టుకుంటోందని చెప్పేవాడు ఏడాదికొకడు తగుల్తాడు.

నిల్చునే టైపు చేస్తున్నా, ఇవాళ తీరిక లేదు. చలికాలం ముందు అందరికీ ఒక్కసారే స్టౌట్ కావాలి. బడ్డీ నడిపే ఆవిడ స్నానాల తొట్టిలో బీరు కాచింది, వాళ్ళాయన చూసుకోకుండా అందులో దిగాడు. అమ్ముకోవచ్చా అని అడుగుతోంది. మొగుడినా బీరునా అన్నా.

టెగన్ నవ్విందని రాశావు చూడు, ఆ ముక్క రెండుసార్లు చదువుకున్నా.

నోలా


క్వీన్స్‌టౌన్
12 జూన్

నోలక్కా,

వచ్చారు. మొన్న శనివారం, ముగ్గురూ. మెర్వ్ చేతికర్రతో వచ్చాడు. గేటు దగ్గర ఆగి, "నువ్వు బీరు కాచావంటే మా ఆవిడ నమ్మలేదురా, తాగి నేను చచ్చిపోతే తనకి ఫోను చెయ్యమంది" అన్నాడు. మొదటి గ్లాసు తాగి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నీళ్ళయితే కాదు" అన్నాడు మెర్వ్. "నీళ్ళకి చుట్టం" అన్నాడు ఇంకొకాయన. అయినా రేడియోలో ఆట అయ్యేదాకా కదల్లేదు. అయ్యాక కూడా కూర్చున్నారు. గనిలో దారి కూలిన రోజు సంగతి మెర్వ్ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు, తప్పుగా చెప్పాడు, నేను సరిచేశా, వాడు తిట్టాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పొయ్యి ఎగదోస్తున్నట్టు అటు తిరిగా.

ముప్పై సీసాలు కట్టా గానీ వాళ్ళొచ్చేసరికి ఇరవయ్యే ఉన్నాయి. కొన్ని పగిలాయి.

వాళ్ళకి ఇంకాస్త చిక్కనిది కావాలట. స్టౌట్ అడిగారు. రెండు డబ్బాలు పంపుతావా? చక్కెర ఇక్కడ కొనుక్కుంటా.

తాళంచెవి మెర్వ్ తీసుకోనన్నాడు. పోగొడతాడట.

కెల్విన్


అల్వర్‌స్టన్
17 జూన్

తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని షాపంతా తిరిగా. దాణా బస్తాలకి కూడా చదివి వినిపించా.

సీసాలు పగలడమే అర్థం కావట్లేదు. సగం చక్కెర ఏల్ పది సీసాలు పగలగొట్టదు. మూత పెట్టే ముందు సీసాకొక చెంచా చక్కెర బదులు రెండు చెంచాలు వేసి ఉంటావు, లేకపోతే కొలత నిలవకముందే పోసి ఉంటావు. ఈసారి చెంచా గీసి వెయ్యి. పగిలిన గాజు టెగన్ తిరిగేచోట లేకుండా చూసుకో.

స్టౌట్ అని చదవగానే చెయ్యి ఆగింది. నిజం చెప్తున్నా. తర్వాత అనుకున్నా, చలికాలంలో ముగ్గురు గనివాళ్ళు స్టౌట్ అడక్క అల్లం సోడా అడుగుతారా అని. పద్నాలుగు నెలలు పదహారయ్యాయి. ఇంకా ఎన్నాళ్ళు నిన్ను వెనక నుంచి కాపలా కాస్తా? పంపుతున్నా.

ఇంకో కబురు. రోండా షాపుకొచ్చింది, వాళ్ళ నాన్నకి ఎర పురుగుల కోసం. నీ సంగతి అంతా చెప్పా, స్నేహితులు రావడం, నువ్వు చుక్క ముట్టకుండా అందరికీ పొయ్యడం. బీరు కాస్తున్నాడా అని మొహం మాడ్చుకుంది. నేను ఊరుకోలేదు. "రోండా, పూచీ నాది. వాడు తాగితే నేను తాగినట్టే" అన్నా. డబ్బులిచ్చి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. ఆగస్టు నుంచి టెగన్ శనివారం వచ్చి ఆదివారం దాకా ఉండొచ్చట. మంచం సిద్ధం చేసుకో. దుప్పట్లు నేను కొంటా, నువ్వు కొంటే గోనెసంచులు కొంటావు.

నోలా


క్వీన్స్‌టౌన్
16 ఆగస్టు

నోలక్కా,

రోండా ఈపాటికి చెప్పే ఉంటుంది. నా నోటి నుంచి కూడా విను.

శనివారం పొద్దున టుల్లాలో టెగన్‌ని ఎక్కించుకున్నా. రెండు జతల బట్టలు, దిండు కూడా తెచ్చుకుంది. రోజ్‌బెరీ దాటాక పోలీసులు కార్లు ఆపుతున్నారు, గొట్టంలో ఊదమని. పదకొండు గంటలవేళ ఊదమంటారని ఎవరనుకుంటారు. ఊదా. పోలీసు నన్ను చూశాడు, తర్వాత పక్క సీట్లో పిల్లని చూశాడు. "అమ్మా, మీ అమ్మ ఫోను నంబరు తెలుసా?" అని దాన్నే అడిగాడు. అది ఒక్క అంకె తడబడకుండా చెప్పింది.

లైసెన్సు పోయింది. రోండా వచ్చి తీసుకెళ్ళింది. ఈసారి కారు దిగింది.

సీసాలు పగల్లేదు. నీకర్థమయ్యే ఉంటుంది.

ఎలా మొదలైందని అడుగుతావు. నీ కాగితంలో ఏడో సూచన ఉంది: "కొలత చూసిన గ్లాసులోది పారబొయ్యకు, తాగి చూడు. ఏ రోజుకారోజు నాలుక చెప్పేది ఏ గొట్టమూ చెప్పదు. కాచేవాడి హక్కు అది." నువ్వు పొల్లు పోకుండా చెయ్యమన్నావు. మెర్వ్ ఊళ్ళో లేడు. చదివి గ్లాసు పట్టుకుని నిలబడ్డా. మొదటి రోజు ఉమ్మేశా. రెండో రోజు కూడా. నీ మీదికి తోస్తున్నాననుకోకు. కాగితం లేకపోతే ఇంకో వంక దొరికేది. కానీ మేలో నేను నీకు రుచి గురించి రాసినప్పుడు, పోస్టులో వేస్తూ అనుకున్నా, ఇది చదవగానే అక్క ఫోను చేస్తుంది, బండబూతులు తిడుతుంది, అక్కడితో ఆగిపోతానని. నువ్వు మంచి నాలుక అన్నావు.

స్టౌట్‌లో కిలోన్నర చక్కెర వేశా.

మెర్వ్ వాళ్ళు వస్తూనే ఉన్నారు. ఇప్పుడు పబ్బుకి కూడా పిలుస్తున్నారు. నా వంతు వస్తే లేస్తున్నా, వాళ్ళ వంతు వస్తే నాకేం తేవాలో అడగట్లేదు. నేను అడిగింది అదేగా.

కెల్విన్


అల్వర్‌స్టన్
21 ఆగస్టు

తమ్ముడూ,

ఇది కూర్చుని రాస్తున్నా. షాపు మూశా.

మే ఉత్తరం తీసి మళ్ళీ చదివా. పులుపు, చేదు, నాలుక పక్కన. గుడ్డివాడికైనా కనబడుతుంది. నేను గిరాకీ ఉత్తరం చదివినట్టు చదివా. రోజుకి పదిమంది అదే అడుగుతారు, నా చేతివేళ్ళు వాటంతట అవే జవాబు కొడతాయి. ఏడో సూచన పన్నెండేళ్ళ కింద రాశా, జనం నవ్వుతారని. నీ పెట్టెలో మడిచి పెడుతున్నప్పుడు ఒక్కసారి చదివానా? లేదు. నా తప్పు ఇంతేనని చెప్పట్లేదు. ఇంకా ఉంది.

బర్నీ వెళ్ళా. రోండా లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబడ్డా. పూచీ నాదన్నావుగా అంది. అప్పుడు టెగన్ వెనక నుంచి వచ్చింది. అత్తని తిట్టకమ్మా అంది. తర్వాత చెప్పింది, "నాకు మే నుంచే తెలుసు అత్తా. డ్రమ్ము పెట్టాక రెండోసారి వెళ్ళినప్పుడే నాన్న నోరు వాసన వచ్చింది. చెప్తే మళ్ళీ పంపరని చెప్పలేదు."

రోండా అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. కోర్టు కాగితం తిరగరాయించడానికి వకీలు దగ్గరికి వెళ్తోంది. నువ్వు కాదంటే నెలలు పడుతుందట, టెగన్‌ని కూడా పిలిచి అడుగుతారట, ఎప్పుడేం చూశావని.

నువ్వు పోరాడతానంటే వకీలుని నేను చూస్తా. మళ్ళీ మానేస్తానంటే, హోబర్ట్‌లో చేర్చుకునే చోటు ఒకటుంది, ఆదివారం కారు తీసుకుని వస్తా, తుంటి ఊడినా సరే. ఏదో ఒకటి రాయి. తిడుతూ అయినా రాయి.

అక్క


క్వీన్స్‌టౌన్
29 ఆగస్టు

నోలక్కా,

ఇవాళ తాగలేదు. నిన్నటి సంగతి అడక్కు. ఆదివారం రా. హోబర్ట్ వస్తానో రానో నువ్వొచ్చాక చూద్దాం, మాటిచ్చే మనిషిని కాదని తెలిసిందిగా.

టెగన్ చెప్పింది చదివినప్పట్నుంచీ ఒకటే ఆలోచిస్తున్నా. చలికాలమంతా టుల్లా నుంచి వచ్చేటప్పుడు అది కారు అద్దం సగం దించేది. కొండ మీద మంచు ఉన్న రోజు కూడా. చలేస్తోంది మూసెయ్యమ్మా అంటే, గాలి బాగుంది నాన్నా అనేది. మలుపు వచ్చినప్పుడల్లా నాకంటే ముందు చెప్పేది, ఇప్పుడు ఎడమకి, నెమ్మదిగా, లారీ వస్తోంది అని. దారి నేర్చుకుంటోందని మురిసిపోయా. మెర్వ్‌కి కూడా చెప్పుకున్నా, మా పిల్లకి ఆ రోడ్డంతా కంఠతా వచ్చని.

వకీలు వద్దు. రోండా పంపిన కాగితాల మీద సంతకం పెట్టి ఈ కవర్లోనే పెడుతున్నా, నువ్వే ఇచ్చెయ్. నేను ఒక్క శనివారం కూడా అడగట్లేదని రాసి పెట్టా. టెగన్‌ని ఏ గదిలోనూ కూర్చోబెట్టి ఏమీ అడగనక్కర్లేదు.

నేను కావాలనే వదిలేశానని అనుకుంటుంది. అనుకోనీ. ఎందుకో దానికి చెప్పొద్దు. చెప్తే నేను బాగుపడ్డానా లేదా అని మళ్ళీ చూడటం మొదలుపెడుతుంది.

దిండు నా కారులోనే మర్చిపోయింది. వచ్చినప్పుడు పట్టుకెళ్ళు.

కెల్విన్